తలుపులో తీగ

"ఆ అద్దం దొరకదమ్మా. ఈ మోడలు ఆగిపోయి ఎన్నేళ్లయిందో!" అన్నాడు మేస్త్రి, కారు దగ్గరికైనా రాకుండా.

ఆమె వెనక సీట్లోంచి దుప్పటి చుట్టిన పలకని తీసి బల్ల మీద పెట్టింది. విప్పితే అద్దం. ఒక్క గీత లేదు.

"ఇలాంటి కారే తుక్కులో దొరికితే తీయించాను. మిగతా పనంతా వేరేచోట అయిపోయింది. ఈ ఒక్క తలుపే మిగిలింది."

పాత కార్ల అద్దాలంటే ఊళ్లో ఎవరైనా ఆయన పేరే చెబుతారు. అలాంటివాడు ఆ నీలం కారు చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరు పక్కసీటు తలుపు దగ్గర ఆగిపోయాడు. రబ్బరు సందుల్లో గాజు పలుకులు ఇంకా మెరుస్తున్నాయి.

"వదిలేసి వెళ్లండి. తీరిక చూసుకుని చేస్తాను."

"లేదు. నా ఎదురుగానే విప్పండి." స్టూలు లాక్కుని కూర్చుంది. ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

మేస్త్రి అద్దం దించే పిడిని ఊడదీశాడు. ఊరుకుంటే బాగోదని అడిగాడు. "ఎలా పగిలిందమ్మా?"

"అమ్మని బయటికి తీయడానికి గడ్డపారతో కొట్టారు. కారు కాలువలో పడింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న నన్ను ఒడ్డున పడేసి మళ్లీ దూకారు. అమ్మ వైపు తలుపు బురదలో కూరుకుపోయింది. అమ్మ లోపల్నించి ఆ పిడి తిప్పుతూనే ఉంది. అద్దం దిగలేదు."

మేస్త్రి చేతిలోంచి స్క్రూడ్రైవరు కిందపడింది.

"నాన్నగారు..."

"ఆసుపత్రిలో ఉన్నారు. ఇక ఎక్కువ రోజులు లేవట. నన్ను చూడాలని కబురు మీద కబురు. తుప్పు పట్టి తిరగలేదని పోలీసులు రాశారు. కావాలనే చంపాడని అమ్మమ్మ కన్నుమూసేదాకా అంది. నేను ఆమె దగ్గరే పెరిగాను. ఇరవై ఆరేళ్లుగా ఆయన మొహం చూడలేదు." ఆమె కొత్త అద్దం మీద చెయ్యి వేసింది. "తుప్పే అని తేలితే, ఈ కార్లోనే ఆయన్ని ఇంటికి తెచ్చుకుంటాను."

"తుప్పు కాక ఇంకేముంటుందమ్మా! విప్పడం దేనికి? ముందు వెళ్లి చూసి రండి."

"విప్పండి."

లోపలి అట్ట ఊడొచ్చింది. ఎండిన బురద పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఆమె వంగి ఫోను లైటు వేసింది. అద్దాన్ని నడిపే ఇనప కమ్మీని తలుపు చట్రానికి బిగించి, మూడు చుట్లు చుట్టిన తీగ కనబడింది.

"ఇది కారుతో వచ్చిందేనా?"

"కాదమ్మా."

"మరి?"

"పళ్లచక్రం అరిగిపోతే అద్దం జారిపోతుంటుంది. జారకుండా... ఒక్కోసారి కడతారు."

"కట్టినవాడికి తెలుస్తుందిగా, అద్దం ఇక దిగదని?"

మేస్త్రి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు.

"తెలుస్తుంది."

"తెలిస్తే, అక్కడ కూర్చునే మనిషికి చెప్పాలా, వద్దా?"

"చెప్పాలి."

"నాన్నకి తెలియకుండా ఎవరు కడతారు? ఆయన అమ్మకి చెప్పలేదు."

ఆమె ఏడవలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "అత్తా, నేను రావడం లేదు. ఆయన అడిగితే, తలుపు విప్పి చూసిందని చెప్పు. అంతే."

అవతల అత్త ఏదో బతిమాలుతోంది. ఆమె ఫోను పెట్టేసి, సంచీ భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది.

"అమ్మా!" మేస్త్రి నాలుగడుగులు పరుగెత్తాడు.

ఆమె వెనక్కి తిరిగింది. "ఏంటి?"

ఆయన విప్పిన తలుపు వైపు చూశాడు. మళ్లీ ఆమె వైపు చూశాడు.

"ఏం లేదు... అద్దం రేపటికల్లా బిగించేస్తాను."

"మీ ఇష్టం" అని వెళ్లిపోయింది.

ఆ రోజుల్లో ఆ తీగ కట్టి, వాళ్ల నాన్నకి చెప్పడం మరిచిపోయినవాడు మేస్త్రే.