తొలి పత్రిక

"ఈ పొద్దు కాదప్పా, నన్నిడిసిపెట్టు" అంది గీత, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

పుంగనూరు బస్టాండు పక్క సందులో ఆమెది పెళ్ళిపత్రికల అంగడి. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న గంగులప్ప ఆ మాట విననట్టే తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"కాదంటే ఎట్లమ్మా? రేపు అమావాస్య. ఆపైన ఆసాడం. మా నందిని పెండ్లి శ్రావణంలో. తొలి పత్రిక ఈ పొద్దు గూకేలోగా గంగమ్మ పాదాల కాడ పెట్టల్ల. లేకుంటే ఇంగ నెలనాళ్ళు ఆ ఊసే ఎత్తగూడదు. మా ఇంట్లో ఆడామె నన్ను గడప తొక్కనిస్తాదా?"

"నేనేం సేసేదప్పా? నిన్న సాయంత్రం కట్టేసేటప్పుడు అప్‌డేట్ అని ఏందో అడిగింది. సరే పో అని నొక్కినా. పొద్దున తెరిస్తే తెలుగు అక్షరాల ప్రోగ్రాం లేవనంటాండాది."

కంప్యూటర్ పాతది. అందులోని ప్రోగ్రాం ఇంకా పాతది. ఆ ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో ఎక్కదు, ఈ కంప్యూటర్ కొత్త ప్రోగ్రాములను మోయదు. ఒకదాన్నొకటి ఓర్చుకుంటూ ఇన్నేళ్ళూ సర్దుకుపోయాయి. ఇప్పుడీ అప్‌డేట్ వచ్చి వాటి కాపురంలో నిప్పులు పోసింది.

పక్కంగడికి పొమ్మనే మాట గీత నోటిదాకా వచ్చి ఆగింది. ఆషాఢం మొదలైతే పత్రికలడిగే నాథుడుండడు. గుమ్మంలోకి వచ్చిన పెళ్ళి బేరాన్ని చేతులారా సాగనంపేంత ధర్మాత్మురాలేం కాదామె.

అయినా గంగులప్పే కదిలేలా లేడు. "మా పెద్దపాప వెన్నెల పెండ్లికి నువ్వే గదా కొట్టిచ్చినావు. అచ్చం అదే కావల్ల. పేర్లు మారిస్తే సాలు."

"ఆ పత్రిక దీంట్లోనే ఉండాది. తెరుచుకుంటే గదా! పోనీ, గంగమ్మకే గదా, సేత్తో రాసిచ్చేదా?"

గంగులప్ప లెంపలేసుకున్నాడు. "పెద్దదానికి అచ్చేయించి, సిన్నదానికి గీకించుకొచ్చినావా అని అమ్మ అడిగితే నేనేం సెప్పేది?"

గీత ఫోన్ తీసి మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే మునికుమార్‌కు కలిపింది.

"దానికి కాలం సెల్లింది గీతక్కా. కొత్తది కొనుక్కోరాదా?"

"సావు కబురు సెప్పొద్దు మునీ, మందు సెప్పు."

మునికుమార్ నవ్వాడు. "అయితే ఆ అప్‌డేట్‌ను పీకేద్దాం. నేను సెప్పేది నొక్కతా రా. ఒగటే మాట, మధ్యలో కరెంటు పోగూడదు. పోయిందా, నన్ను తిట్టొద్దు."

అతను చెప్పిందల్లా గీత నొక్కింది. తెర నల్లబడింది. నడుమ చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. అవి తిరుగుతూనే ఉన్నాయి. గంగులప్ప స్టూలు ముందుకు లాక్కుని వాటినే చూడసాగాడు.

"ఏం సేస్తాండాదమ్మా లోపల?"

"వచ్చిన దోవలోనే వెనక్కి పోతాండాదప్పా."

"నిమ్మళంగా పోనీ. తరిమితే యాడన్నా పడతాది."

టీలు వచ్చాయి. మధ్యాహ్నం ఇద్దరూ చెరో పొట్లం చిత్రాన్నం తిన్నారు. పైన ఫ్యాను ఒకసారి నెమ్మదించింది. గీత తలెత్తి దాన్నే చూసింది. గంగులప్ప కళ్ళు మూసుకుని, "అమ్మా, నీ పత్రికే! నువ్వే సూసుకో" అన్నాడు. ఫ్యాను మళ్ళీ అందుకుంది. అమ్మ చూసుకుందో, కరెంటాఫీసు వాళ్ళు చూసుకున్నారో మనకు తెలియదు.

ఎండ అరుగు దిగేవేళకు తెర వెలిగింది. గీత ప్రోగ్రాం మీద నొక్కింది. అలిగి పుట్టింటికి పోయిన కోడలు తిరిగొచ్చినట్టు, అది ఏమీ ఎరగనట్టే తెరుచుకుంది.

"వచ్చిందప్పా!"

వెన్నెల పత్రిక ఒక్క అక్షరం చెదరకుండా ఉంది. పైన గంగమ్మ బొమ్మ, కింద అరటిచెట్లు. గీత వెన్నెల తీసేసి నందిని అని కొట్టింది. పెద్దల్లుడి పేరూ ఊరూ చెరిపి, కొత్త పెళ్ళికొడుకు కుప్పం యశ్వంత్‌ను పెట్టి, ముహూర్తం మార్చింది. గంగులప్ప వేలుపెట్టి ప్రతి పేరూ పైకే చదివాడు. మేనమామల పేర్లు రెండుసార్లు చదివాడు. అక్కడ తప్పు పోతే పెళ్ళిలో కంచాలెగురుతాయి మరి.

పసుప్పచ్చని అట్ట మీద పత్రిక దిగింది. గంగులప్ప దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. జేబులోంచి పసుపు పొట్లం తీసి నాలుగు మూలలా అద్దాడు. కళ్ళకద్దుకున్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. గీతకైతే తన ఇంటి పెళ్ళే కుదిరినంత సంతోషమైంది. పొద్దున్నుంచీ పడిన పాట్లన్నీ మరిచిపోయింది.

"సల్లగుండమ్మా. పొద్దు గూకకముందే పోతా" అని గంగులప్ప పత్రికను తుండులో చుట్టుకుని లేచాడు.

"పోదువులే నిలబడప్పా!" గీత హుషారుగా అలమరలోంచి అట్టల కట్టలన్నీ కిందికి దించి, దుమ్ము ఊది, బల్ల మీద పేర్చింది. "ఈ గొడవలో అడగనే లేదు. సుట్టాలకు, ఊళ్ళోవాళ్ళకు అంతా కలిపి ఎన్ని కొట్టల్ల?"

గంగులప్ప చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

"ఇంగ యాలమ్మా? మనుషులకంతా వాట్సాప్‌లోనే పంపుతాం. ఫోన్ లేంది ఆ గంగమ్మ ఒక్కదానికే గదా!"