మంచు మీద దీపం

"బట్టలన్నీ మూట కడుతున్నావు, ఎవరికమ్మా?"

"పక్కింటివాళ్లకి. పైన వీటితో పనేముందిరా?"

క్రేన్ డ్రైవరుకి ఒళ్లు మండిపోయింది. ఊరి మీద, పొగమంచుకి పైన, గురువుగారి ఆశ్రమం ఉందట. రోజూ సాయంత్రం అక్కడ ఎర్రదీపం వెలుగుతుందట. ఇవాళో రేపో ఆయన అందరినీ పైకి పిలుస్తారట. తల్లి అప్పుడే బీరువా సగం ఖాళీ చేసేసింది.

"వందసార్లు చెప్పాను, అది మా క్రేన్ చివర ఉండే దీపం. మంచులో క్రేన్ కనపడదు, దీపం కనపడుతుంది. దాని స్విచ్ నా కుర్చీ పక్కనే ఉంది."

"గురువుగారి దీపానికి నీ స్విచ్చా! కళ్లు పోతాయిరా."

"ఎలా పిలుస్తాడట మీ గురువుగారు? ఫోన్ చేస్తాడా?"

తల్లి నవ్వలేదు. "బయటివాళ్లకి చెప్పకూడదు."

ఆ గొంతు వినగానే అతనికి భయం వేసింది. ఈ ఇంట్లో ఉన్నదే ఇద్దరు. అరిచి లాభం లేదని మెత్తబడ్డాడు.

"సరే, పందెం. సరిగ్గా ఆరున్నరకి ఆ దీపం ఆర్పేస్తాను. ఆరితే నాదే కదా? అప్పుడు ఆ భక్తుల్ని వదిలి ఇంటికొచ్చేస్తావా?"

ఆమె మూట ముడి బిగించింది.

"నీవల్ల కాదు," అంది. "ఆర్పితే మాత్రం వచ్చేస్తాను. ఒట్టు."

భక్తులు చేరే పన్నెండంతస్తుల మేడ మీదికి ఆమె వెళ్లింది. అతను క్రేన్ ఎక్కాడు. దీపం ఆర్పినట్టు తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, ఊడితే ఊడనీ అనుకున్నాడు. క్యాబిన్‌లో కూర్చునేసరికి కింద ఊరే లేదు, అంతా మంచు. ఆ మంచులోంచి వందల గొంతుల పాట వినిపిస్తోంది.

ఆరున్నర. స్విచ్ నొక్కాడు.

పాట ఠక్కున ఆగిపోయింది.

అందరికీ ఒకేసారి భ్రమ వదిలినట్టుంది. హమ్మయ్య అనుకుని వెనక్కి వాలాడు.

కాసేపటికి ఫోన్ మోగింది.

"చూశావా అమ్మా!"

"చూశాన్రా. టైముకి ఆరింది, నువ్వే ఆర్పావని తెలిసింది. అందుకే నేను కదల్లేదు."

"కదలకపోవడం ఏంటి?"

"దీపం ఆరడమే పిలుపురా. ఆరగానే పిట్టగోడ దాటి అడుగెయ్యాలి, గాల్లో మెట్లుంటాయన్నారు. మా అబ్బాయే ఆర్పాడని గొంతు చించుకున్నాను..."

"అమ్మా, మిగతావాళ్లేరీ?"

"మేడ మీద ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నానురా."