ఇరవై నాలుగు నవ్వులు

“ఆఫీసు గ్రూపులో జోకు పెట్టాను. ఇరవై నలుగురు నవ్వారు. నువ్వొక్కడివే నవ్వలేదేమయ్యా?” మేనేజరు తన ఫోను గుమస్తా ముందుకు తోశాడు.

జోకు పెళ్లాం పోరు మీద. దాని కింద వరసగా పళ్లికిలించిన పసుపు బొమ్మలు. అద్దం తలుపు అవతల ఆ ఇరవై నలుగురూ మూతులు ముడుచుకుని పని చేసుకుంటున్నారు.

“నలుగురితో కలిసి నవ్వలేనివాడు నలుగురి మీద పెత్తనం ఏం చేస్తాడు? నీ ప్రమోషను కాగితం మీద సంతకం పెట్టమంటావా, వద్దా?”

గుమస్తా ఆ ఫోనులోనే పాత కబుర్ల దాకా వెనక్కి జరిపాడు. “పోయిన వారం మా ఆవిడ పోయిందని ఇక్కడే పెట్టానండి. ఇరవై నలుగురూ ఏడ్చారు. మీరొక్కరే ఏడవలేదు.”

మేనేజరు నాలుక కరుచుకున్నాడు. “అయ్యో, చూసుకోలేదయ్యా!” అంటూ గబగబా వేలితో నొక్కాడు.

గుమస్తా జేబులో ఫోను కుయ్‌మంది. తీసి చూశాడు. భార్య చావు కబురు కింద ఇరవై అయిదో కన్నీటి బొమ్మ.

ఆవిడ పోయాక మొదటిసారి అతనికి నవ్వొచ్చింది. ఆపుకోలేక పైకే నవ్వాడు. హాల్లో తలలన్నీ ఉలిక్కిపడి లేచాయి.

మేనేజరు ఊపిరి పీల్చుకుని కలం తీశాడు.

“హమ్మయ్య, నవ్వావు! అదేదో గ్రూపులో కూడా పెట్టెయ్, సంతకం పెట్టేస్తాను.”