లైసెన్సు మనిషి

శుక్రవారం పడవలోంచి ఒక కొత్త మనిషి దిగాడు. వెంట మూడు చెక్కపెట్టెలు.

రేవులో వల బాగుచేసుకుంటున్న కోల్మన్ 'లైసెన్సు తనిఖీవాడే!' అనుకున్నాడు.

ఆ ఐరిష్ ద్వీపంలో ఐదు టీవీలున్నాయి. టీవీకి ఏటా సర్కారు లైసెన్సు కొనాలి, ఒక్కదానికీ అది లేదు. తనిఖీకి వచ్చినవాడు టీవీని ఎత్తుకుపోతాడని అక్కడ అందరి భయం.

పైగా ఎల్లుండి ఆదివారం, డబ్లిన్‌లో ఐరిష్‌వాళ్ల సొంత ఫుట్‌బాల్ ఫైనల్. కోల్మన్ కొడుకు ఫెస్టీ కౌంటీ జట్టులో ఆడుతున్నాడు. టీవీలో చుక్కలు తప్ప బొమ్మ సరిగా రాదు. అయినా సరే, 'మనవడి మొహం ఒక్కసారి అందులో చూస్తే చాలు' అని ఫెస్టీ నాయనమ్మ బైబీన్‌ది ఏడాదిగా ఒకటే జపం.

కోల్మన్ అడ్డదారిన పరుగెత్తాడు.

గంటలో ఐదు టీవీలూ మాయమయ్యాయి. ఒకటి బంగాళాదుంపల గుంటలోకి, ఒకటి తెడ్ల పడవలో ఏకంగా సముద్రం మీదికి. కోల్మన్ వాళ్లది బైబీన్ దుప్పటి కిందికి వెళ్లింది. ముసలావిడకి చెవుడు. పక్కన పడుకోమని సైగ చేసి తలుపు మూశాడు.

అంతలోనే కొత్త మనిషి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అయ్యా, బైబీన్ గారి ఇల్లు ఇదేనా?"

పేరుతో సహా వచ్చాడు! టీవీ కొన్నది ఆవిడ పేరు మీదే.

"మా అమ్మే. ఈస్టర్‌కి పోయింది" నోటికొచ్చింది అనేశాడు కోల్మన్.

అతడు టోపీ తీసి తల వంచాడు.

"మీ ఇంట్లో టీవీ..."

"టీవీ అట టీవీ! ఇక్కడ తిండికే దిక్కులేదు నాయనా" అంది కోల్మన్ భార్య ఊనా.

"పోనీ, ఈ పెట్టెలు కొండ మీదికి చేర్చాలి. మీ గాడిదను ఇస్తారా?"

"దానికి కాలు విరిగింది."

సరిగ్గా అప్పుడే గాడిద పెరట్లో గంతులేసింది. అతడు చూశాడు.

మూడు పెట్టెలనూ మూడు విడతలుగా భుజాన మోసుకుపోయాడు. కొండంతా పొగమంచు. పైన ఏం చేస్తున్నాడో ఎవరికీ కనబడలేదు.

"అవి దాచిన టీవీల వాసన పట్టే పెట్టెలర్రా. ఎత్తు మీద నుంచి బాగా తగులుతుందట" అన్నాడు కోల్మన్.

గుమ్మం దాకా వచ్చినవాడిని టీ ఇవ్వకుండా పంపడం ఆ ద్వీపంలో ఎన్నడూ లేదు. ఆ రెండు రోజులూ ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అతడు పడవల కొట్టంలో పడుకున్నాడని తెలిసినా ఎవరూ పలకరించలేదు.

శనివారం సాయంత్రం పడవ అతణ్ణి తీసుకుపోయింది.

"పీడ విరగడైంది!"

ద్వీపమంతా ఊపిరి పీల్చుకుంది. టీవీలు మళ్లీ గూళ్లకు చేరాయి.

ఆదివారం చర్చి నుంచి అందరూ నేరుగా కోల్మన్ ఇంటికే వచ్చారు. కోల్మన్ టీవీ మీట నొక్కాడు. ఎప్పటిలా చుక్కలు రాలేదు.

పచ్చిక కనబడింది. జనం కనబడ్డారు. ఫెస్టీ చెవి పక్క మచ్చ కూడా కనబడింది.

"వాడే! ఆ ముక్కు మా ఆయనదే!" బైబీన్ తెరను చేత్తో తడిమింది. కళ్లు తుడుచుకుంటూ ఆట చివరిదాకా అక్కడే కూర్చుంది. జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడిందన్న సంగతి ఆవిడ పట్టించుకోనే లేదు.

"చూశారా, ఆ లైసెన్సువాడు పోయాకే మన గాలి శుభ్రపడింది!" అన్నాడు కోల్మన్. అందరూ పగలబడి నవ్వారు.

సోమవారం, పడవ నడిపే మక్‌డారా కోల్మన్ ఇంటికొచ్చాడు. గుమ్మంలో దుంపల తొక్క తీస్తున్న బైబీన్‌ని చూసి కొయ్యబారిపోయాడు.

"ఏమిట్రా, దెయ్యాన్ని చూసినట్టు?" అందావిడ.

మక్‌డారా కోల్మన్‌ని పక్కకి లాగాడు.

"మీ అమ్మ పోయిందని ఆ మనిషి చెప్పాడే! ఆవిడ ఆత్మశాంతికి చర్చిలో ప్రార్థన చేయించే కార్డు కూడా తీసుకొచ్చాను కదరా!"

"వాణ్ణి తోలెయ్యడానికి నేనే చంపేశాలే. ఆ లైసెన్సు పీడ వదిలింది, చాలు."

మక్‌డారా నవ్వలేదు.

"లైసెన్సేమిట్రా? ఆయన టీవీ కేంద్రం ఇంజనీరు. మీకు బొమ్మ రావాలని ఒంటరిగా కొండ మీద సిగ్నల్ స్తంభం నిలబెట్టి వెళ్లాడు."

కోల్మన్ కొండకేసి చూశాడు.

"'మా మనవడి మొహం ఒక్కసారి చూపించండి బాబూ' అని మీ అమ్మ ఎవరికీ చెప్పకుండా రాసిన ఉత్తరం ఆయన జేబులో ఉందిరా. ఆలస్యంగా వచ్చానని క్షమాపణ చెప్పుకోవాలని, శనివారం పడవెక్కే ముందు మీ శ్మశానంలో గంటసేపు ఆవిడ సమాధి వెతికాడు."