రెండో హాల్ టికెట్

పరీక్ష మొదలైన పది నిమిషాలకి అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు.

నలభై అయిదేళ్లుంటాయి. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"రేపల్లె బండి లేటయిందండి. కాస్త రానివ్వండి," అన్నాడు ఆయాసపడుతూ.

అది 1968 ఏప్రిల్. తెనాలిలో ప్రైవేటుగా ఎం.ఏ. తెలుగు రాసేవాళ్ల సెంటరు. ఇన్విజిలేటరు బసవేశ్వరరావు ఆ ఊళ్లోనే తెలుగు లెక్చరరు.

"హాల్ టికెట్ ఏదీ?"

అతను జేబులో చెయ్యి పెట్టి తీయబోతే రెండు కాగితాలు జారి కింద పడ్డాయి.

బసవేశ్వరరావు వంగి తీశాడు. రెండూ హాల్ టికెట్లే. రెండింటి మీదా ఒకే పేరు, కె. లాజరు. ఒకటి తెనాలిలో ఎం.ఏ. తెలుగుకి. రెండోది బాపట్లలో ఎం.ఏ. చరిత్రకి.

"ఒకే ఏడాది రెండు డిగ్రీలా? రూలు ఒప్పుకోదని తెలీదా?"

"తెలుసండి."

"తెలిసే కట్టావా?"

"ఒకదాని తర్వాత ఒకటంటే నాలుగేళ్లండి. నా ఒంట్లో అంత ఓపిక లేదు."

"ఈ వయసులో రెండు ఎం.ఏ.లు ఏం చేసుకుంటావయ్యా? గోడకి తగిలిస్తావా?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఓ పనుందండి. దానికి రెండూ కావాలి."

"ఏంటా పని?"

లాజరు చుట్టూ చూశాడు. అందరూ రాయడం ఆపి అతన్నే చూస్తున్నారు.

"ఇక్కడ చెప్పేది కాదండి. సాయంత్రం మీ ఇంటికొచ్చి చెబుతాను. ఈ పూట రాయనివ్వండి సార్."

బసవేశ్వరరావుకి చిర్రెత్తుకొచ్చింది. అతన్ని పరీక్ష రాయనివ్వకుండా, అక్కడే కూర్చుని యూనివర్సిటీకి రిపోర్టు రాశాడు.

లాజరు పెన్ను జేబులో పెట్టుకుని, నమస్కారం చేసి వెళ్లిపోయాడు.

నెల తిరిగేసరికి రెండు పరీక్షలూ రద్దయ్యాయి. మూడేళ్లపాటు ఏ పరీక్షా రాయకూడదన్నారు. నిక్కచ్చి మనిషని బసవేశ్వరరావుని నలుగురూ మెచ్చుకున్నారు.

రెండేళ్లు గడిచాయి.

తెలుగు సాహిత్య చరిత్ర గైడు బజారులో దొరకడం లేదని విద్యార్థులు చెబితే, బసవేశ్వరరావు దాన్ని అచ్చువేసే ప్రెస్సుకి వెళ్లాడు.

యజమాని ప్రకాశరావు తల అడ్డంగా ఊపాడు. "ఇంక రాదండి. సిలబస్ మారింది, తిరగరాయిద్దామంటే రాసినాయన పోయాడు."

"ప్రొఫెసరు గారా? మొన్నేగా సభలో చూశాను!"

"ఆయనకేమండి, నిక్షేపంలా ఉన్నారు. అట్ట మీద పేరు వరకే ఆయనది. రాసింది మా కంపోజిటరు. అక్షరాలు పేర్చుకుంటూనే చదువుకున్నాడు. తెలుగుదీ, చరిత్రదీ, రెండు గైడ్లూ అతనివే."

"మరి అతని పేరెందుకు వెయ్యలేదు?"

"ఎం.ఏ. లేనోడి పేరు చూసి ఎవరు కొంటారండి? ఆ రెండు ఎం.ఏ.లూ తెచ్చుకో, రెండింటి మీదా నీ పేరే వేస్తానన్నాను. పాపం, కట్టాడు కూడా. ఎవడో లెక్చరరు పట్టించాడంట. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు. నిరుడు వానాకాలంలో పోయాడు."



బసవేశ్వరరావు ఎం.ఏ. గట్టెక్కింది ఆ పుస్తకం బట్టీపట్టే. పన్నెండేళ్లుగా క్లాసులో సొంత మాటల్లా చెబుతున్న ప్రతి పాఠమూ లాజరు రాసిందే.