రాకాసి బల్లి దగ్గు

బల్లి మంటల్లో పడే సీను దగ్గరపడగానే సుశీలమ్మ కళ్ళు మూసుకుని, చెవి స్పీకరు వైపు తిప్పింది.

దమ్మపేట వీడియో హాల్లో ఆ సినిమా పడి పదమూడు రోజులు. పరదేశంలో ఎప్పుడో తీసిన నలుపు తెలుపు బొమ్మ. చింతచెట్టంత బల్లి సముద్రంలోంచి లేచి ఊళ్ళు తొక్కుతుంది. పాత రీలులో సౌండు పాడైతే మాటలూ అరుపులూ అన్నీ హైదరాబాదులో మళ్ళీ కొత్తగా పెట్టారట. బల్లి కూడా తెలుగులోనే అరుస్తుందని హాలు నడిపే రామ్‌సింగ్ గొప్పగా చెప్పుకునేవాడు.

మొదటి రోజు పదకొండు మందే వచ్చారు. బల్లి చచ్చిపోతే ఈలలు వేశారు. ఆ ఈలల మధ్య ఒక ఏడుపు వినిపించింది. తిరిగి చూస్తే సుశీలమ్మ.

ఆమె భయస్తురాలని ఊరందరికీ తెలుసు. మబ్బు పడితే పిడుగంటుంది. ఎవరైనా తుమ్మితే టైఫాయిడ్ అంటుంది. కొడుకు పవన్ హైదరాబాదు వెళ్ళిన రోజు, బస్సు వాగులో పడకుండా కొట్టమని కండక్టరు చేతిలో కొబ్బరికాయ పెట్టింది. అక్కడ వాడేం పని చేస్తాడో అడిగినా చెప్పదు, దిష్టి తగులుతుందని. అలాంటి మనిషి రాకాసి సినిమాకు రావడమే వింత. దాని కోసం ఏడవడం ఇంకా వింత.

"బల్లి నీకేమన్న మేనత్త కొడుకా, వదినె?" అంది పక్కింటి నాగక్క.

"నవ్వకు. సచ్చేముందు ఎట్ల దగ్గిందో ఇన్నవా? లోపల ఏదో ఉన్నది."

మర్నాడు అందరూ ఆ దగ్గు కోసమే చెవులు రిక్కించారు. నిజమే. మంటల మధ్య పెద్ద అరుపు, అరుపు చివర ఖళ్ళున ఓ దగ్గు. అచ్చం మనిషి దగ్గినట్టే.

అంతే, హాలు మెత్తబడింది. అంతసేపూ ఊళ్ళు తొక్కిన రాకాసి కాస్తా జ్వరంతో మూలుగుతున్న ఇంటిమనిషైపోయింది. నాలుగో రోజుకు ఈలలు ఆగాయి. వారం తిరిగేసరికి తుపాకీ పట్టిన హీరోకి తిట్లు మొదలయ్యాయి. చండ్రుగొండ నుంచి ట్రాక్టరు కట్టుకుని జనం వచ్చారు. బడిపిల్లలు వీధుల్లో అరిచి, చివర ఖళ్ళున దగ్గి, దుమ్ములో పడి చచ్చిపోయేవారు.

సుశీలమ్మ మాత్రం రోజురోజుకూ చిక్కిపోయింది. చివరికి రామ్‌సింగ్‌నే బతిమాలింది.

"అయ్యా, ఒక్కరోజన్న ఆట ఆపరాదు? పాపం జర రెస్టు దొరుకుతది."

"బల్లికి రెస్టిస్తే నాకు బువ్వెట్లనమ్మా?" అన్నాడతను.

హాలంతా నవ్వింది.

పదమూడో రోజూ అరుపు వచ్చింది. చివర అదే దగ్గు. శుభం కార్డు పడకముందే సుశీలమ్మ లేచి, బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు నడిచింది. కొంగున కట్టుకున్న మిరియాల పొట్లం ఓ చేత్తో పట్టుకుని నంబరు కలిపించుకుంది. అవతల కొడుకు ఎప్పటిలాగే తనకేమీ కాలేదని, పానం మంచిగున్నదని చెప్పాడు.

"ఫోన్ల మంచిగనే మాట్లాడుతవ్ పవన్, మరి రాకాసికి గొంతిచ్చేటప్పుడు రోజూ గా మంటల కాడికి రాంగనే ఎందుకు దగ్గుతున్నవ్ బిడ్డా?"