దుప్పటి కప్పిన పెట్టె

"ఒసేయ్ లెటీ, పెట్టె దిగిందే!"

థియో తలుపు తోసుకుని వచ్చి మంచం మీద కూలబడింది. లెటీషియా చేతిలోని దువ్వెన జారి కింద పడింది.

"ఎక్కడ?"

"ఇంకెక్కడే? డీన్ గది తలుపు దగ్గర. పైన దుప్పటి కప్పేసి ఉంది."

పెన్సిల్వేనియా కొండల్లోని ఆ ఆడపిల్లల కాలేజీలో పెట్టెలన్నీ అటక మీదే ఉంటాయి. పట్టాలిచ్చే రోజు పొద్దున గానీ కిందికి రావు. ఈలోగా ఏ పెట్టె దిగినా సరే, దాని సొంతదారుకి ఆ పూటతో చదువు చెల్లినట్టే. పేరు నలుగురి కంటా పడకుండా దుప్పటి కప్పించడం, స్టేషన్ దాకా తానే వెళ్ళి బండెక్కించడం, అంతవరకే డీన్ మిస్ పెనాక్ చూపించే దయ. రెండేళ్ళ కిందట పేకాట ఆడిందని ఒక పిల్ల పెట్టె ఇలాగే దిగింది. భోజనాల వేళకి ఆ పిల్ల మంచం ఖాళీ.

పట్టాలకి ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

"అది నాదేనే," అంది థియో. "నీ దిక్కుమాలిన హాస్యం నన్ను నిలువునా ముంచింది."

చదువు ముగించి వెళ్ళే ఇరవైముగ్గురి మీదా వార్షిక సంచికలో తలా నాలుగు ముక్కలు సరదాగా రాసింది లెటీషియానే. ఎడ్నా నాలుగేళ్ళలో ఒక్కసారే గంట కొట్టకముందు లేచిందనీ, ఆ రోజు సెలవనీ రాసింది. కార్డీలియా పాట ఎత్తుకుంటే పాలబండి గుర్రం మొరాయిస్తుందని రాసింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. థియో దగ్గరికి వచ్చేసరికి కలానికి పట్టపగ్గాల్లేకపోయాయి.

"శుక్రవారం దీపాలార్పాక ఇనప మెట్ల మీద చప్పుడవుతుంది. పిల్లి కాదు, మన థియో. ఊళ్ళో ఐస్‌క్రీము అయిపోతుందేమోనని దాని బెంగ. ఆ చప్పుడుకి డీన్ గారు మేలుకుంటారు, నిట్టూర్చి అటు తిరిగి పడుకుంటారు."

అచ్చు కాగితాలు ముందుగా కాలేజీ ధర్మకర్తలకి చూపించాలని ఈ ఏడే కొత్తగా నియమం పెట్టారు. ఆ సంగతి రాసేటప్పుడు ఈ పిచ్చి లెటీకి తెలియదు. నిన్న ధర్మకర్తలు నలుగురూ డీన్ గదిలో తలుపులేసుకుని మూడు గంటలు కూర్చున్నారు.

"మా నాన్న రేపు రైలెక్కుతాడే," అంది థియో. "నా పట్టా చూడ్డానికి కొత్త టోపీ కూడా కొనుక్కున్నాడట. నాకు ఇస్తామన్న పంతులమ్మ ఉద్యోగం కూడా పట్టా చూపిస్తే గానీ ఇవ్వరు. నాన్నకి ఏమని చెప్పను?"

"ఏడవకు. నేను వెళ్ళి అంతా కల్పించానని చెబుతాను."

"నిన్నూ పంపించేస్తారే!"

"పంపించనీ."

అనేసి వరండాలోకి వచ్చింది. పెట్టె అక్కడే ఉంది. దుప్పటి అంచు కింద నుంచి అరిగిపోయిన తోలుపట్టీ వేలాడుతోంది. థియో పెట్టె వాళ్ళ నాయనమ్మ వాడింది, దాని పట్టీ కూడా ఇలాగే అరిగి ఉంటుంది. పేరు చూద్దామని లెటీషియా వంగింది. ధైర్యం చాలక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరక్కడ? లోపలికి రా," గదిలోంచి మిస్ పెనాక్ పిలిచింది.

గదిలో బీరువాలు బోసిగా ఉన్నాయి. కిటికీలో పూలకుండీలు కూడా లేవు. సెలవుల్లో సున్నం వేయిస్తారు కాబోలు అనుకుంది. మిస్ పెనాక్ చేతిలో అచ్చు కాగితం ఉంది.

"ఇది నువ్వే రాశావా?"

"నేనే మేడం. అంతా అబద్ధం. థియో ఎప్పుడూ గేటు దాటలేదు. నవ్వుకుంటారని కల్పించాను."

"నేను అటు తిరిగి పడుకుంటానన్నది?"

"అదీ కల్పించిందే మేడం."

"'నిట్టూర్చి' అన్న మాట కొట్టెయ్. అదొక్కటే నిజం కాదు."

ఆ మాటకి అర్థమేమిటో లెటీషియాకి తోచలేదు. మిస్ పెనాక్ ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. కోప్పడినా ఇంత భయం వేసేది కాదు.

"ధర్మకర్తలు ఒక పేరు అడిగారు. దీనికి బాధ్యులు ఎవరో ఒకరు వెళ్ళాలన్నారు, లేకపోతే ఈ ఏడు ఎవరికీ పట్టాల్లేవన్నారు. నిన్న సాయంత్రం రాసిచ్చాను."

"మేడం, ఆ పేరు కొట్టేసి నా పేరు రాయండి! రాసింది నేను. తప్పు నాది."

"అయిపోయిందమ్మాయ్. సంతకం కూడా పెట్టేశాను."

"తను అంత తప్పేం చేసింది మేడం?"

"చేసింది. నాలుగేళ్ళుగా, ప్రతి శుక్రవారం."

లెటీషియా ఏడుపు ఆపుకోలేకపోయింది. ఇంకేం మిగిలింది? థియో వాళ్ళ నాన్న కొత్త టోపీ పెట్టుకుని రైలు దిగుతాడు, ఇక్కడ కూతురుండదు. మిస్ పెనాక్ కొక్కేనికున్న టోపీ తీసి పెట్టుకుంది. చేతులకి తొడుగులు వేసుకుని గుండీలు బిగించింది. గోడ గడియారం వైపు ఒకసారి చూసింది.

"పదకొండు గంటల బండి అందుకోవాలి. కళ్ళు తుడుచుకుని రా."

లెటీషియా వెక్కుతూనే వెనక నడిచింది. తలుపు దగ్గర మిస్ పెనాక్ వంగి దుప్పటి తీసి నాలుగు మడతలు పెట్టింది.

"నా పెట్టె ఆ చివర కాస్త పట్టుకో, అమ్మాయ్."